కర్ణభేరి మూసుకుందన్నారు, చీము మాత్రం ఆగలేదు: ముందు గోడ ఉబ్బిన చెవి కాలువ కేస్ స్టడీ

చెవి కాలువ ఆకారం వల్ల మధ్య చెవిలో జబ్బు పుట్టదు. అది పుట్టేది ఎక్కువగా ముక్కు వెనక భాగం, దాన్ని మధ్య చెవితో కలిపే యూస్టేషియన్ నాళం, చిన్నప్పటి ఇన్‌ఫెక్షన్ల వల్ల. కానీ ఆ జబ్బు మన కంటికి కనిపిస్తుందా, మందు దాన్ని చేరుతుందా, అతికించిన పొర నిలుస్తుందా అన్నవి చాలాసార్లు కాలువ ఆకారం మీదే ఆధారపడతాయి. పాఠ్యపుస్తకాల్లో బయటి చెవి ఒక అధ్యాయం, మధ్య చెవి మరో అధ్యాయం. రోగి చెవిలో మాత్రం రెండూ ఒకటే దారి. ఆ సంగతి బాగా చూపించిన కేసు ఇది. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొన్నిటిని వైద్యపరంగా అర్థం మారకుండా మార్చాను.

నేపథ్యం

నలభైల్లో ఉన్న మహిళ. చిన్నప్పటి నుంచీ కుడి చెవి కారడం, మందు వేస్తే కొన్నాళ్లు ఆగడం, జలుబు చేస్తే మళ్లీ మొదలవడం అలవాటైపోయింది. కొన్నేళ్ల క్రితం వేరేచోట కర్ణభేరికి ఆపరేషన్ చేయించుకున్నారు. కణత కండరం మీది పొర తీసి గ్రాఫ్ట్‌గా అతికించి రంధ్రం మూశారు. తర్వాతి పరీక్షలో ‘గ్రాఫ్ట్ బాగా పట్టింది’ అని కాగితం మీద రాసి ఇచ్చారు. కొన్ని నెలలు చెవి పొడిగానే ఉంది. ఆపైన మళ్లీ తడి మొదలైంది.

అప్పటి నుంచి ఆమెకు అందిన చికిత్సంతా ఆ ఒక్క వాక్యం మీద నడిచింది. పొర మూసుకుంది కాబట్టి స్రావం కాలువ చర్మం నుంచే వస్తుండాలని అనుకున్నారు. బయటి చెవి ఇన్‌ఫెక్షన్‌కి వాడే నియోమైసిన్ కలిసిన డ్రాప్స్ పదేపదే రాశారు, మధ్యలో ఫంగస్ మందు కూడా. మూసుకున్న పొర అనే నమ్మకంతో చూస్తే ఆ చికిత్సలో తప్పు లేదు.

ఎదురైన సమస్య

మా దగ్గరికి వచ్చేసరికి చెవి తడిగా ఉంది, పెద్దగా నొప్పి లేదు. వినికిడి తగ్గింది. చెవిని పైకీ వెనక్కీ లాగి ఓటోస్కోప్‌తో చూస్తే కాలువ చర్మం వాచి ఉంది. అడుగున తెల్లటి చెత్త పేరుకుంది. శుభ్రం చేశాక కర్ణభేరి వెనక సగం, దానికి అంటుకుని ఉండే చిన్న ఎముక మాలియస్ పిడి, పై భాగం కనిపించాయి. కనిపించినంత మేరా పొర మూసుకునే ఉంది. ముందు సగం మాత్రం కనిపించలేదు. కాలువ ముందు గోడ ఎముక లోపలికి ఉబ్బి దాన్ని పూర్తిగా దాచేసింది.

ఇక్కడ కాలువ నిర్మాణం కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పెద్దవాళ్లలో ఈ కాలువ సుమారు 2.5 సెం.మీ. పొడవు. బయటి మూడో వంతు మృదులాస్థి, లోపలి రెండొంతులు ఎముక. వెంట్రుకలు, గులిమి తయారుచేసే గ్రంథులు బయటి భాగానికే పరిమితం. లోపలి భాగంలో చర్మం చాలా పలుచన, కింద కొవ్వు పొర లేకుండా నేరుగా ఎముక పొరకు అంటుకుని ఉంటుంది. కాలువ తిన్నగా ఉండదు, కొద్దిగా ఎస్ ఆకారంలో వంపు తిరుగుతుంది. కర్ణభేరి కూడా నిలువుగా కాక ఏటవాలుగా అమరుతుంది. దాంతో ముందు గోడ వెనక గోడ కంటే దాదాపు 6 మి.మీ. పొడవు. కర్ణభేరి ముందు అంచు ముందు గోడను కలిసేచోట సన్నటి కోణం ఏర్పడుతుంది. ఎముక భాగంలో, కర్ణభేరికి కొద్దిగా ఇవతల, కాలువ అన్నిటికంటే ఇరుకుగా ఉంటుంది. ముందు గోడ ఉబ్బు ఉన్నవాళ్లలో ఆ ఇరుకు ఇంకా ఇరుకై, దాని వెనక కోణం ఒక గుంతలా మిగిలిపోతుంది.

ఉబ్బు ఉండటం జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న చెవుల్లోనూ కనిపిస్తుంది. చెవి కారుతున్నప్పుడే దానితో పేచీ.

కాలువదా, మధ్య చెవిదా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. చర్మం వాచి ఉంది, పొర మూసుకున్నట్టే ఉంది, పాత కాగితం కూడా అదే అంటోంది. అయినా మూడు విషయాలు నప్పలేదు.

మొదటిది స్రావం. సక్షన్ ట్యూబుకి తీగలా సాగింది. అది జిగురు. చెవి కాలువ చర్మంలో జిగురు గ్రంథులు లేవు. బయటి చెవి ఇన్‌ఫెక్షన్‌లో స్రావం పలుచగానో, చెత్తతో కలిసిన ముద్దగానో ఉంటుంది, సాగదు. సాగే స్రావం మధ్య చెవి పొర నుంచో, యూస్టేషియన్ నాళం వైపు నుంచో రావాలి. అలా వచ్చి బయటపడాలంటే ఎక్కడో దారి ఉండాలి. దీనికి తోడు చెవి డొప్పను లాగినా, ముందున్న చిన్న బుడిపెను నొక్కినా ఆమెకు నొప్పి లేదు. కాలువే అసలు జబ్బయితే, అంత వాపులో చెయ్యి తగలనివ్వరు.

రెండోది ఆమె మాటల మధ్యలో బయటపడింది. “డాక్టరు గారూ, చెవి ఎండిపోయి ఉన్నప్పుడు మందు వేసుకుంటే కాసేపటికి గొంతులో చేదు తగులుతుంది. కారుతున్నప్పుడు మాత్రం తగలదు,” అన్నారు. చెవిలో వేసిన చుక్క గొంతులోకి చేరాలంటే కర్ణభేరిలో రంధ్రం ఉండాలి, యూస్టేషియన్ నాళం తెరుచుకోవాలి. ఈ రెండూ ఒకే మాటలో తేలిపోయాయి. అదొక్కటే కాదు. వాపు, చీము ఉన్నప్పుడు మందు లోపలికి పోవడం లేదని కూడా ఆ మాటలోనే ఉంది. అంటే మందు అవసరం లేనప్పుడు చేరుతోంది, అవసరమైనప్పుడు చేరడం లేదు. నన్నడిగితే ఈ కేసులో ఏ స్కానూ చెప్పనంత సమాచారం ఈ ఒక్క వాక్యంలో ఉంది. అందుకే ఇప్పుడు చెవి కారే ప్రతి రోగినీ గొంతులో చేదు గురించి అడుగుతాను.

మూడోది వినికిడి పరీక్ష. గాలి ద్వారా వినికిడి సగటున 45 డెసిబెల్స్ దగ్గర, ఎముక ద్వారా 12 దగ్గర ఉంది (అంకె పెరిగితే వినికిడి తగ్గినట్టు). తేడా 33. పొర మూసుకుని, చిన్న ఎముకలు బాగుంటే ఇంత తేడా రాకూడదు. ఎముకల గొలుసు తెగి ఉండాలి, లేదా లోపల ద్రవం ఉండాలి, లేదా రంధ్రం ఉండాలి.

మొదట చేసినవి

ఆపరేషన్ గురించి వెంటనే ఆలోచించలేదు. తడిగా, వాచి ఉన్న చెవిలో ఏ పరీక్షా సరిగ్గా మాట్లాడదు. ముందు ఎండబెట్టాలి.

నియోమైసిన్ డ్రాప్స్ ఆపించాం. అందుకు రెండు కారణాలు. రంధ్రం ఉండొచ్చని అనుమానం వచ్చాక, లోపలి చెవికి హాని చేయగల నియోమైసిన్ లాంటి అమైనోగ్లైకోసైడ్ రకం యాంటీబయాటిక్ వాడటం మంచిది కాదు. పైగా నియోమైసిన్ చాలామందికి చర్మం మీద అలర్జీ తెస్తుంది. కాలువ వాపులో కొంత భాగం మందు వల్లే కావచ్చు. అసిటిక్ ఆమ్లంతో కడగడం కూడా అదే అనుమానంతో వద్దనుకున్నాం, రంధ్రం ఉంటే మంట భరించలేరు.

స్రావం కల్చర్‌కి పంపితే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగింది. సిప్రోఫ్లాక్సాసిన్‌కి లొంగే రకమే. మైక్రోస్కోప్ కింద సక్షన్‌తో శుభ్రం చేసి, వాచిన కాలువలో, మందును లోపలికి చేర్చేలా ఉబ్బే స్పాంజి వత్తి (విక్) పెట్టి, దాని మీద సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వేయించాం. నీళ్లు చెవిలో పడకుండా వాజిలీన్ రాసిన దూది పెట్టుకోమన్నాం. ఇయర్ బడ్స్ పూర్తిగా మానమన్నాం.

కాలువ వాపు బాగా తగ్గింది. స్రావం కూడా తగ్గి, కొంతకాలం ఆగింది. జలుబు చేయగానే మళ్లీ వచ్చింది. మళ్లీ శుభ్రం, మళ్లీ చుక్కలు, మళ్లీ కొన్ని వారాల పొడి. ఒకసారి యాంటీబయాటిక్ ఎక్కువ కాలం సాగడంతో నల్ల చుక్కల ఫంగస్ పెరిగింది. అది క్లోట్రిమజోల్‌తో పోయింది.

బ్యాక్టీరియా మందుకి లొంగేదే అయినా చెవి మళ్లీ మళ్లీ తడవడం చూస్తే, ఇంకా బలమైన మందు వెతకాలనిపించడం సహజం. మాత్రలు, ఇంజెక్షన్లు రాయాలన్న ఒత్తిడి రోగి నుంచీ ఉంటుంది. మేం ఆ దారి పట్టలేదు. చుక్కల మందు తగిలిన చోట దాని గాఢత, మాత్ర వల్ల రక్తం ద్వారా చేరే గాఢత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటి మందే ఓడిపోతోందంటే, అది తగలని చోటేదో ఉందని అర్థం. కర్ణభేరి చర్మం సహజంగా మధ్య నుంచి అంచులకూ, అంచుల నుంచి కాలువ గోడ మీదుగా బయటికీ నెమ్మదిగా కదులుతూ చెత్తను తనే మోసుకుపోతుంది. ముందు గుంతలో చీము నిలిచి చర్మం నానిపోతే ఆ కదలిక నిలిచిపోతుంది. మనం సక్షన్ పెట్టినా ట్యూబు మొన ఉబ్బు దాటి పోదు.

పొడిగా ఉన్నప్పుడు చూసినవి

చెవి ఎండిన ఒక విరామంలో, గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి కదలికను కొలిచే టింపనోమెట్రీ చేశాం. గ్రాఫ్ చదునుగా వచ్చింది. చదును గ్రాఫ్ చూడగానే ‘లోపల నీరు’ అని రాసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దాని పక్కనే ఉండే ఘనపరిమాణం అంకె చూడకపోతే ఆ గ్రాఫ్ సగం చదివినట్టే. ఎడమ చెవిలో 0.9 మి.లీ., కుడి చెవిలో 3.4 మి.లీ. కాలువ ఇరుకుగా ఉన్న చెవిలో అంకె తగ్గాలి గానీ పెరగకూడదు. యంత్రం కొలిచింది కాలువను మాత్రమే కాదు, దాని వెనక మధ్య చెవినీ, చెవి వెనక ఎముక మాస్టాయిడ్‌లోని గాలి గదులనూ కలిపి. చెవి వాచి కారుతున్నప్పుడు ఇదే పరీక్ష చేసి ఉంటే, వాచిన పొర రంధ్రాన్ని మూసేసి అంకె మామూలుగానే వచ్చి ఉండొచ్చు.

తర్వాత ఎండోస్కోప్. మామూలుగా వాడే 4 మి.మీ. ఎండోస్కోప్ ఇరుకు దగ్గరే ఆగిపోయింది. 2.7 మి.మీ., 30 డిగ్రీల ఎండోస్కోప్ జాగ్రత్తగా ఉబ్బు పక్కనుంచి పోనిచ్చి ముందుకు తిప్పితే, పాత గ్రాఫ్ట్ ముందు అంచు కనిపించింది. అది కర్ణభేరి చుట్టూ అంచున ఉండే వలయం నుంచి వెనక్కి జారిపోయి ఉంది. రెంటి మధ్యా నెలవంక ఆకారంలో ఖాళీ. ముక్కు మూసుకుని గాలి బిగపట్టమంటే ఆ ఖాళీలోంచే బుడగ వచ్చింది.

మొదటి ఆపరేషన్ చేసిన సర్జన్‌ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ముందు అంచు రంధ్రాలు అందరికీ కష్టమే. అక్కడ పొరకు రక్తప్రసరణ తక్కువ, కింద ఆధారం తక్కువ, యూస్టేషియన్ నాళం నోరు పక్కనే. వాటన్నిటికీ తోడు చూపుకి అడ్డంగా ఎముక ఉంటే గ్రాఫ్ట్ సరైన చోట కూర్చుందా లేదా అన్నది చూసి కాదు, అంచనాతో నిర్ణయించాల్సి వస్తుంది. తర్వాత ఓటోస్కోప్‌తో పరీక్షించినవాళ్లకి కనిపించింది నయమైన వెనక సగమే.

సి.టి. స్కాన్ రెండు ప్రశ్నల కోసం తీయించాం. దాగిన కొలెస్టియాటోమా (మధ్య చెవిలో పెరిగి ఎముకను తినేసే చర్మపు ముద్ద) ఉందా అన్నది ఒకటి. పై భాగపు ఎముక అంచు పదునుగా ఉంది, చిన్న ఎముకలు మూడూ ఉన్నాయి, మాస్టాయిడ్‌కి దారి తెరిచే ఉంది. ఎండోస్కోప్‌లో కూడా పై భాగంలో లోతైన గుంటలేవీ లేవు. రెండోది, ముందు గోడ ఉబ్బుకీ దవడ కీలుకీ మధ్య ఎంత ఎముక ఉంది? తగినంత ఉంది, కానీ ధారాళంగా లేదు.

ఏ దారి?

మొదటి దారి, ఆపరేషన్ లేకుండా శుభ్రత, వినికిడి యంత్రం. కారే చెవిలో యంత్రం అచ్చు పెడితే గాలి ఆడక తడి పెరుగుతుంది. ఆమెకు ముఖ్యంగా కావలసింది కారడం ఆగడమే.

రెండోది, కాలువ గుండా ఎండోస్కోప్‌తో చిన్న మృదులాస్థి ముక్క పెట్టడం. కోత చిన్నది, కోలుకోవడం తొందర. నాకు మొదట మొగ్గు దీనివైపే ఉంది. కానీ ఎండోస్కోప్ మూల తిరిగి చూడగలదు, పరికరం తిరగలేదు. చూడగలగడం వేరు, ఒక చేత్తో అక్కడ గ్రాఫ్ట్ అంచును వలయం కిందకి నెట్టడం వేరు. అదీగాక ఉబ్బు అలాగే మిగిలిపోతుంది. రేపు ఏదైనా తేడా వస్తే మళ్లీ కనపడదు, మళ్లీ శుభ్రం కాదు.

మూడోది, చెవి వెనక కోతతో వెళ్లి ముందు గోడ ఎముకను అరిగించి, కాలువను వెడల్పు చేసి, ఆ తర్వాత గ్రాఫ్ట్ వేయడం. పెద్ద పని, ఎక్కువ రోజుల డ్రెస్సింగ్. కారణాలన్నీ ఇటే మొగ్గాయి.

మాస్టాయిడ్ కూడా తెరవాలా అని చర్చించుకున్నాం. కొలెస్టియాటోమా లేదు, చెవి ఎండుతోంది, గాలి దారి తెరిచే ఉంది. స్రావానికి కనిపించే కారణం ముందుంటే వెనక తవ్వడం దేనికి? వద్దనుకున్నాం.

ఆమెకు అన్నీ విడమరిచి చెప్పాం. దవడ కీలు తెరుచుకునే ప్రమాదం, ముఖనాడికి దెబ్బ, నాలుక రుచిలో తేడా, కాలువ మచ్చకట్టి మళ్లీ ఇరుకవడం, వినికిడి ఇంకా తగ్గే అవకాశం. “రెండోసారి కూడా పట్టదేమోనని టెన్షన్‌గా ఉంది,” అన్నారు. పట్టకపోయే అవకాశం ఉందమ్మా, కానీ ఈసారి అంచు మొత్తం చూస్తూ వేస్తాం, పట్టకపోతే అదీ కనిపిస్తుంది అని చెప్పాం. నిర్ణయం చెప్పడానికి ఆమె కొంత సమయం తీసుకుని ఒప్పుకున్నారు.

ఆపరేషన్

ఉబ్బు మీది చర్మాన్ని చింపకుండా ఫ్లాప్‌గా లేపడమే సగం పని. పలుచని చర్మం, కింద వంపు తిరిగిన ఎముక. ఆ ఫ్లాప్ ఎముకను అరిగించే తిరుగుడు మొన (బర్)కి చుట్టుకోకుండా కుట్టు దారం ప్యాకెట్ అల్యూమినియం రేకును కత్తిరించి అడ్డం పెట్టాం. ఏ క్యాటలాగులోనూ దొరకని పరికరం, కానీ బాగా పనికొస్తుంది. డైమండ్ బర్‌తో, నీళ్లు ధారగా పోస్తూ, బయటి నుంచి లోపలికి అరిగించాం. కీలు ఉండే మధ్య భాగం మీద గుడ్డు పెంకంత పొర ఉంచేసి, పైనా కిందా ఎక్కువ తీశాం. ఎముక తెలుపు నుంచి గులాబీ రంగుకి తిరిగితే కీలు పొర దగ్గరపడినట్టే, అక్కడ ఆగాలి. కింద వెనక మూల జోలికి అసలు పోలేదు. ముఖనాడి అక్కడ ఒక్కొక్కరిలో అనుకున్నదానికంటే బయటికి ఉంటుంది. తిరుగుతున్న బర్ మాలియస్‌కి తగిలితే ఆ ప్రకంపన లోపలి చెవి దాకా పోతుంది కాబట్టి ఆ వైపు చివర్లో వేగం తగ్గించాం.

ఎంతవరకు అరిగించాలన్నదానికి కొలబద్ద ఒక్కటే పెట్టుకున్నాం. మైక్రోస్కోప్ కదపకుండా వలయం చుట్టూ మొత్తం కనిపించాలి. కనిపించాక ఇంకొంచెం అందంగా చేద్దామన్న ఆశ వదిలేయాలి. ఎముక ఎంత బయటపడితే చర్మం కప్పడం అంత కష్టం.

కణత పొర ఒకసారి తీసేశారు, అక్కడ మచ్చ ఉంది. అందుకే చెవి ముందు బుడిపె మృదులాస్థిని, దాని పైపొరతో సహా తీసుకుని, సుమారు అర మి.మీ. మందానికి చెక్కాం. మృదులాస్థి అయితే జారదు, ముడుచుకోదు, తక్కువ రక్తప్రసరణలోనూ బతుకుతుంది. పాత రంధ్రం అంచులు తాజాగా గీసి, నాళం నోటి దగ్గర కరిగిపోయే స్పాంజి జెల్‌ఫోమ్ ఆధారంగా పెట్టి, గ్రాఫ్ట్ ముందు అంచును వలయం కిందకి కళ్లతో చూస్తూ దోపాం. ముందు వలయాన్ని ఎముక నుంచి అనవసరంగా లేపలేదు. లేపితే ఆ సన్నటి కోణంలో మచ్చ నిండి కర్ణభేరి మొద్దుబారుతుంది. చర్మాన్ని తిరిగి పరిచి, పైన సన్నని సిలాస్టిక్ (సిలికాన్) పట్టీలు వేసి ప్యాక్ చేశాం.

ఆ తర్వాత

అంతా సాఫీగా జరగలేదు. నమిలేటప్పుడు కొన్ని వారాలు దవడ నొప్పి ఉంది. ముందు కోణంలో ఎముక మీద చర్మం చాలని చోట ఎర్రటి కండ పెరిగింది. అది వదిలేస్తే మచ్చ అయ్యి, చేసిన వెడల్పంతా పోతుంది. అందుకే సిల్వర్ నైట్రేట్‌తో కాల్చి, స్టెరాయిడ్ కలిసిన సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు వాడుతూ, తరచుగా పిలిపించి చూశాం. చర్మం నెమ్మదిగా కప్పుకుంది. కోణం కొద్దిగా మొద్దుబారింది, పూర్తిగా పోలేదు.

ఏడాది తర్వాత చెవి పొడిగా ఉంది. మధ్యలో జలుబులు వచ్చినా కారలేదు. టింపనోమెట్రీలో ఘనపరిమాణం 1.3 మి.లీ. మృదులాస్థి బిగువు వల్ల గ్రాఫ్ శిఖరం పొట్టిగా ఉంది. గాలి, ఎముక వినికిళ్ల మధ్య తేడా 14 డెసిబెల్స్‌కి తగ్గింది. ఓటోస్కోప్‌తో చూసినా ముందు అంచు కనిపిస్తోంది కాబట్టి ఇకపై ఆమెను ఎవరు పరీక్షించినా పొర మొత్తం చూడగలరు. కాలువలో చెత్త పేరుకోవడం లేదు, అంటే చర్మం మళ్లీ తన దారిన కదులుతోంది.

ఇలాంటి చెవులను చూసే తోటి వైద్యులకు ఈ కేసు నుంచి నేను చెప్పేది కొద్దిగానే. ‘కర్ణభేరి మూసుకుంది’ అని రాసేటప్పుడు ఎంత భాగం కనిపించిందో కూడా రాయండి. ‘ముందు సగం కనపడలేదు’ అన్న మాట ఆ పాత కాగితం మీద ఉంటే, ఆమెకు అన్నిసార్లు బయటి చెవి చికిత్స జరిగి ఉండేది కాదు. స్రావం సాగుతోందా, గొంతులో చేదు తగులుతోందా అన్నవి అడగటానికి ఖర్చు లేదు. పొడి చెవిలో చేసిన టింపనోమెట్రీని, తడి చెవిలో చేసినదాన్ని ఒకే తూకంలో చూడకూడదు.

ఎడమ చెవిలోనూ అంతే ఉబ్బు ఉంది, అక్కడా కర్ణభేరి ముందు భాగం ఓటోస్కోప్‌కి కనపడదు. “ఇది కూడా ముందే చేసేయకూడదా?” అని ఆమె అడిగారు. ఎండోస్కోప్‌తో చూస్తే పొర నిండుగా, కదులుతూ ఉంది, వినికిడి మామూలుగా ఉంది, కాలువ తనంతట తనే శుభ్రపడుతోంది. అక్కర్లేదన్నాం. ఏటా ఒకసారి సన్న ఎండోస్కోప్‌తో చూడమని, ఎప్పుడైనా కారితే కాలువ ఇన్‌ఫెక్షన్ అని సరిపెట్టకుండా ముందు కోణం చూడమని ఆమె కేసు పేపర్ మీదే రాసి ఇచ్చాం.